పెదనాన్నగారి మౌన భోజనం

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం విస్తళ్లు వేశారంటే ఇల్లంతా నోరు మూసుకునేది. మా పెదనాన్నగారిది మౌన భోజనం. ఆకు చుట్టూ ఔపోసన నీళ్లు తిప్పింది మొదలు చెయ్యి కడుక్కునేదాకా మాట ఉండదు. పంక్తిలో కూర్చున్న పిల్లలమూ మాట్లాడకూడదు. నోరు జారితే ఆ పూటకి లేచిపోవడమే...

"ముద్ద నోట్లో ఉన్నప్పుడు మనసు ముద్ద మీదే ఉండాలిరా. నిన్న లేదు, రేపు లేదు" అనేవారు.

కాలువలు తవ్విన కొత్త రోజులవి. తణుకు చుట్టుపక్కల ఎవరికీ తీరిక ఉండేది కాదు. కచేరీ గుమాస్తాలు, ధాన్యం వర్తకులు తల వేడెక్కిపోతోందంటూ సాయంత్రం మా అరుగు మీదకి చేరేవారు. ఆయన వాళ్లకి ఈ ముద్ద సంగతే చెప్పేవారు. వాళ్లు కుదుటపడి వెళ్లేవారు. వాళ్లకి మేలు జరగలేదని నేననను. నా అనుమానమంతా వేరే...

మాట్లాడని మనిషికి నెయ్యి కావాలంటే ఎలా? ఒక వేలు ఎత్తేవారు. పులుసుకి రెండు వేళ్లు. చాలంటే అరచెయ్యి. ఆయన భార్య, మా దొడ్డమ్మ, పొయ్యికీ పంక్తికీ మధ్య ఆ వేళ్లనే చూస్తూ నిలబడేది. ఆవిడ మనసు దేనిమీద ఉందో అరుగు మీదివాళ్లెవరూ అడగలేదు.

ఆ రోజు పనసపొట్టు కూర. ఆయనకి ప్రాణం. పొయ్యికి ఎదురుగా ఆయన, పక్కన నేను. రెండు వేళ్లు లేచాయి. దొడ్డమ్మ పులుసు రాచ్చిప్ప దించడానికి వంగింది.

ఏదో నా ఆకుని నెట్టినట్టయింది. తల ఎత్తాను...

దొడ్డమ్మ రాచ్చిప్పతో మావైపే వస్తోంది. ఆరిన మడిచీర కొంగు వెనక మండుతోంది. ఆవిడకి తెలియదు.

"దొడ్డమ్మా, కొంగు" అని అరిచాను.

పెరట్లోంచి మా అమ్మ గుండిగెడు నీళ్లు తెచ్చి గుమ్మరించింది. అప్పటికే కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. పెదనాన్నగారు తల ఎత్తలేదు. పులుసు నేలపాలైంది కాబట్టి కూరతోనే ముగించి, చెయ్యి కడుక్కుని, అప్పుడు నోరు విప్పారు.

"మౌనం చెడగొట్టింది ఎవర్రా?"

"నేనేనండి. దొడ్డమ్మకి నిప్పంటుకుందండి."

"నీ కళ్లు నీ ఆకు మీదుంటే ఆవిడ కొంగు నీకెలా కనబడింది?"

ఆ పూట నాకు మజ్జిగన్నం లేదు.

అందరూ దొడ్డమ్మ దగ్గరకి వెళ్లాక నేల చూశాను. ఔపోసన నీళ్ల తడి వలయం ఒకచోట ఉంది. ఆయన ఆకు జానెడు ఇవతల, నా ఆకుని ఆనుకుని ఉంది. వడ్డించాక ఆకు కదపకూడదని మాకు రోజూ చెప్పే మనిషి... మంటకి దూరంగా ఆకు జరుపుకున్నారు. నేను అరవకముందే. ఒక మాట అనడానికి మాత్రం మౌనం అడ్డొచ్చింది.

సాయంత్రం కరణంగారు అరుగెక్కి, "ఇల్లు అంటుకున్నా ముద్ద ఆగలేదటండీ. నిష్ఠంటే అదండి" అన్నారు.

"పనసపొట్టు కాకుండా కాకరకాయైతే తెలిసేది నిష్ఠ" అంది మా అమ్మ తలుపు చాటునుంచి, నాకు మాత్రం వినబడేట్టు.

అప్పటినుంచి ఆయన పేరు మరీ పెరిగింది. రాజమండ్రి నుంచి కూడా పడవెక్కి వచ్చేవారు. దొడ్డమ్మ కుడిచెయ్యి మళ్లీ చాచడానికి రాలేదు. ఎడంచేత్తో వడ్డించకూడదు కదా... వడ్డన మా అమ్మకి వచ్చింది. దొడ్డమ్మ పంక్తి లేచాక ఎంగిళ్లు తీసేది.

పెదనాన్నగారు పోయిన చాలా ఏళ్లకి ఆవిడని అడిగాను. "ఆయన ఆకు జరుపుకున్నారు దొడ్డమ్మా. నీకు తెలుసా?"

"తెలియకేంరా. మర్నాడు చేతికి కట్టుతోనే ఆ చోటు అలికాను. నీళ్ల మచ్చ ఒకచోట, ఆకు ఆనవాలు ఇంకోచోట ఉన్నాయి."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"అడిగిందెవర్రా? అందరూ ఆయన్నే చూడ్డానికి వచ్చేవారాయె."

తర్వాత నేను చాలా చదివాను. మనసు నిలపడం గురించి సంస్కృతంలో చదివాను, ఇంగ్లీషులో చదివాను. మంచి మాటలే. పక్కమనిషి కాలుతుంటే ఆకు జరుపుకోమని ఎక్కడా లేదు.

ఇప్పుడు రోజులు మారాయి. ఏకాగ్రత మీద రాజమండ్రిలో ఉపన్యాసాలట, చప్పట్లట... నేనూ వెళ్తుంటాను, వెనక వరసలో కూర్చుంటాను. ఎవరైనా కళ్లు మూసుకుని నిశ్చలంగా కనబడితే, ఆయనకి అన్నం పెట్టేది ఎవరా అని చూస్తాను. ఇంతవరకూ ఆ మనిషిని ఏ వేదిక మీదా చూడలేదు.

మీ ఇళ్లలోనూ ఇలాంటి నిష్ఠాపరులు ఉండే ఉంటారు. వారి సంగతి వద్దు. నిలబడి వడ్డించినవాళ్ల గురించి రాయండి... పేరుతో సహా.

మా పెదనాన్నగారి పేరు ఊళ్లో ఇంకా చెప్పుకుంటున్నారు, నేను చెప్పక్కర్లేదు. మా దొడ్డమ్మ పేరు వెంకటసుబ్బమ్మ.