బెర్లిన్‌లో నర్సమ్మ ఓటు

మా కింది అంతస్తు నర్సమ్మ పోయారు. మంగళవారం పొద్దున పాపను కిటాకు, అదే ఇక్కడి చిన్నపిల్లల బడికి, తీసుకెళ్తుంటే వాళ్లమ్మాయి మెట్ల మీద ఆపి చెప్పింది. నిద్రలోనే పోయారట. పాప బూటు లేసు కట్టడానికి వంగిన నేను, కట్టిన ముడినే విప్పి మళ్లీ కట్టాను.

ఆమెది కెన్యా. మేముండే ఈ ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రుల్లోనే నర్సుగా చేసి రిటైరయ్యారు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఇంటి చిరునామా నమోదు చేయించుకునే అన్‌మెల్డుంగ్ కాగితాలు పట్టుకుని మెట్ల మీద బిక్కమొహం వేసుకుని కూర్చుంటే, లోపలికి పిలిచి టీ ఇచ్చి, ఫారం అంతా తానే నింపారు. రాసిన ప్రతి అంకెనూ వేలు పెట్టి రెండోసారి చదివారు. "చదవకుండా సంతకం పెట్టే చెయ్యి నాకు నచ్చదు" అనేవారు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగేవి, మీకోసం తెలుగులో రాస్తున్నాను.

వాళ్ల దేశంలో కిందటిసారి జనరల్ ఎలక్షన్లు జరిగినప్పుడు, ఓటేయడానికి మోకాళ్ల నొప్పులతోనే, రైల్లో నాలుగు గంటల దూరాన బెర్లిన్‌లో ఉన్న వాళ్ల ఎంబసీకి బయల్దేరారు. నేను తోడు వెళ్లాను. టికెట్లు నేనే తీశాను. చవగ్గా వస్తున్నాయని, తిరుగు ప్రయాణానికి ఆ సాయంత్రం రైలుకు తప్ప ఇంకో రైలుకు చెల్లనివి తీసి, నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆమె ఓటేసి, చిటికెన వేలికి సిరాతో బయటికొచ్చి, సంచిలోంచి మడత స్టూలు తీసి గేటు ఎదురుగా వేసుకుని కూర్చున్నారు.

"ఇంకేం పనుంది?" అన్నాను.

"మా దగ్గర పోలింగ్ అయ్యాక ఓట్లు వేసిన చోటే లెక్కపెట్టి, ఆ కాగితం తలుపుకు అంటిస్తారు. అది చూసి వెళ్దాం. ఓటేయడం సగం పనే తల్లీ."

అంతలో మా ఆయన ఫోన్. "ఆ టికెట్ వేరే ట్రైన్‌ల చెల్లదు. రేపు పొద్దుగాల నాకు మీటింగుంది, పిల్లను కిటాకు ఎవరు తీస్కపోవాలె? జల్ది రాండి ఇద్దరు."

నేను గడియారం చూసుకోవడం ఆమె గమనించారు. లేచి స్టూలు మడిచారు. రైల్లో కిటికీ వైపు తిరిగి వేలి మీది సిరా చూసుకుంటూ కూర్చున్నారు. రైలు అందిందని నేను ఇంటికి మెసేజ్ పెట్టుకున్నాను.

మర్నాడు ఆమెకు తెలిసినవాళ్లెవరో, తలుపుకు అంటించిన ఆ కాగితం ఫోటో ఆమె ఫోన్‌కు పంపారు. "చూశారా, వచ్చేసింది!" అన్నాను, నా తప్పు మాఫీ అయినట్టు. "ఊఁ" అని ఫోన్ పక్కన పెట్టేశారు. కోపమేమీ లేదు. ఆ సాయంత్రం ఎప్పటిలాగే పాపకు చపాతీలు పంపారు.

"వచ్చేసారి ఏ రైలుకైనా చెల్లే టికెట్ తీస్తాను" అన్నాను ఒకరోజు. "తీద్దువుగాని" అని నవ్వారు. ఆ వచ్చేసారి రాకముందే వెళ్లిపోయారు. ఆమె నాకోసం ఎన్ని ఆఫీసుల్లో టెర్మిన్లకు, అదే అపాయింట్‌మెంట్లకు, ఎన్ని గంటలు కూర్చున్నారో తలుచుకుంటే, ఆ ఒక్క సాయంత్రం నేను కూర్చోలేకపోయినందుకు సిగ్గుగా ఉంది.

మొన్న వాళ్లమ్మాయి ఆ స్టూలు నాకిచ్చింది. దాని సంచి జేబులో మడిచిన కాగితం ఒకటి దొరికింది. స్కేలు పెట్టి గీసిన గళ్లు. ఎడమవైపు పోటీ చేసినవాళ్ల పేర్లు, గుండ్రటి అక్షరాలతో. కుడివైపు ఓట్ల అంకెలకు వదిలిన గళ్లు ఖాళీగా ఉన్నాయి.