కరుణక్క పేరు మీద పడిన బ్లాక్

నిన్న పొద్దున పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్ బజార్లో కూరగాయలు కొంటుంటే డిగ్లీపూర్ నుంచి ఫోన్. కరుణక్క చెల్లెలు.

"అన్నయ్యా, దీదీ ఇక లేదు. చాయ్ తాగుతా కూర్చుంది. అలాగే వాలిపోయింది."

చేతిలో బెండకాయలున్నాయి. కొట్టతను ఏదో అడుగుతున్నాడు. వినబడుతోంది గానీ అర్థం కావడం లేదు.

నాకంటే నాలుగేళ్లు పెద్దది. అంతే. వెళ్లిపోయే వయసా అది?

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇప్పటికీ దిగలేదు. "పోయిన మర్నాడే ఇవన్నీ ఎందుకు" అనేవాళ్లు ఇక్కడితో ఆపేసి వెళ్లిపోవచ్చు.

ఈ మెయిల్ చదువుతున్న మీలో చాలామందికి కరుణక్క గురించి తెలిసింది ఒక్కటే. ఒక టూరిస్ట్ కంపెనీ మెయిల్స్ అన్నీ బ్లాక్ చేయించిన మనిషి అని.

పచ్చి అబద్ధం.

జరిగింది ఇది. ఆ కంపెనీకి ఒక గెస్ట్‌హౌస్, బోట్ టికెట్లు బుక్ చేసే ఆఫీసు ఉన్నాయి. మెయిల్స్ పని కరుణక్కది. గెస్ట్‌హౌస్‌లో దిగినవాళ్లు రిజిస్టర్‌లో పేరు, ఊరు, ఈమెయిల్ రాయాలి. ఒకరోజు ఓనరుగారు పాత రిజిస్టర్లన్నీ అటక మీంచి దింపించారు. అందులోని ప్రతి ఈమెయిలూ టైప్ చేయించి, అందరికీ ఒకేసారి సీజన్ ఆఫర్ పంపమన్నారు.

కరుణక్క వద్దంది. "వాళ్లు రాసింది రూమ్ కోసం భయ్యా. ఆఫర్లు పంపమని కాదు."

"అరే కరుణా, బహుత్ సోచ్‌తీ హై తూ. భేజ్ దే!" మరీ ఆలోచిస్తావు, పంపెయ్ అన్నారాయన.

పంపారు.

తేమకి అక్షరాలు అలుక్కుపోయిన రిజిస్టర్లవి. సగం అడ్రసులు ఈ లోకంలోనే లేవు. మెయిల్స్ తిరిగొచ్చాయి. మెయిల్ అందినవాళ్లేమో, ఎవర్రా వీళ్లు అని స్పామ్ బటన్ నొక్కారు. మూడో రోజుకి మెయిల్ సర్వీస్‌వాళ్లు కంపెనీ నుంచి వచ్చే ప్రతి మెయిలూ ఆపేశారు. ఆఫర్లే కాదు, బోట్ టికెట్లు కూడా.

ఒక ముసలి జంట జెట్టీలో ఫోన్ చూసుకుంటూ నిలబడింది. టికెట్ రాలేదు. హేవ్‌లాక్ దీవికెళ్లే బోటు వాళ్ల కళ్లముందే వెళ్లిపోయింది.

ఓనరుగారి పరిష్కారం ఏమిటో తెలుసా? కంపెనీకి నెట్‌లో ఇంకో పేరు కొని, దాన్నుంచి మళ్లీ అందరికీ పంపడం!

"అదే పని చేస్తే ఆ పేరు కూడా పోద్ది భయ్యా," అంది కరుణక్క.

ముందు ఆఫర్లు ఆపేసింది. టికెట్లకి వేరే అడ్రస్ పెట్టింది. ఈ మెయిల్ నిజంగా మా దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చేసే సెట్టింగ్ ఒకటి ఉంటుందట, అది ఎవరూ ఎప్పుడూ పెట్టనే లేదు. అదీ పెట్టింది. చచ్చిన అడ్రసులన్నీ తీసేసింది.

ఆ తర్వాత చేసిన పని ఏ కంప్యూటర్ పుస్తకంలోనూ ఉండదు. రిజిస్టర్‌లో నంబరున్న గెస్టులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగింది. మా మెయిల్స్ కావాలా, వద్దా? ఆదివారం చర్చి నుంచి రాగానే ఎయిర్‌పోర్టు పక్కన లంబాలైన్‌లో వాళ్లింటి వరండాలో రిజిస్టర్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. విమానం దిగుతుంటే "ఏక్ మినిట్ జీ" అని ఫోన్ గుండెకి ఆనించుకునేది. చప్పుడు పోయాక మళ్లీ మొదటి నుంచి అడిగేది.

ఒకసారి పక్కన కూర్చుని చూస్తూ నేను నవ్వాను. అప్పుడు నా వైపు తిరిగింది.

"నువ్వేం తక్కువా తమ్ముడూ? బస్సు కోసం పిటిషన్ మీద సంతకం పెట్టినోళ్లందరికీ నీ వ్యాసాలు పంపతన్నావు. ఆళ్లు సంతకం పెట్టింది బస్సు కోసం. నీ కోసం కాదు."

అప్పటికి నేను ఆ ఓనరుని మూడు వ్యాసాల్లో తిట్టి ఉన్నాను. చేసింది మాత్రం అదే పని. ఇంటికెళ్లి నా లిస్టు మొత్తం చెరిపేశాను. ఇప్పుడున్న మీరంతా ఆ తర్వాత అడిగి చేరినవాళ్లే.

"అవును" అన్న గెస్టులకే కరుణక్క మొదట కొద్దిమందికి, తర్వాత మెల్లగా పెంచుతూ ఆఫర్లు పంపింది. ప్రతి మెయిల్ అడుగున "వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి" అని ఒక లైను పెట్టింది. చివరికి మెయిల్ సర్వీస్‌కి ఉత్తరం రాసింది.

అక్కడే గొడవ. "ఒక ఉద్యోగి పొరపాటు" అని రాయమన్నారు ఓనరుగారు. ఆమె "మేము అడక్కుండా పంపాం, ఇకపై పంపం" అని రాసింది.

బ్లాక్ ఎత్తేశారు. మర్నాడే ఆమెను ఉద్యోగం నుంచి తీసేశారు. ఆ వారమే టూర్ ఆపరేటర్ల మీటింగ్‌లో ఓనరుగారు పేరుపెట్టి మరీ చెప్పారు, కరుణ వల్లే మునిగామని. చిన్న ఊరు మనది. ఆ తర్వాత పోర్ట్ బ్లెయిర్‌లో ఒక్క ఆఫీసూ ఆమెను లోపలికి రానివ్వలేదు. చెల్లెలి దగ్గరికి డిగ్లీపూర్ వెళ్లిపోయింది.

కంపెనీ పేరు మీద పడిన బ్లాక్ ఎత్తించడానికి ఒక ఉత్తరం సరిపోయింది. మనిషి పేరు మీద పడిన బ్లాక్ ఎత్తమని ఎవరికి రాయాలి?

మీకు రాస్తున్నాను. ఆ మీటింగ్‌లో కూర్చుని తలలూపినవాళ్లు ఈ లిస్టులో ఉన్నారు. చదవండి. నా దగ్గర ఆమె రాసిన ఉత్తరం కాపీ ఉంది. రేపటి నుంచి మీ ఆఫీసులకి ఒక్కొక్కదానికీ పట్టుకొస్తాను.

ఇంకొకటి. ఇవాళ పొద్దున ఆ కంపెనీ నుంచి నాకు మెయిల్ వచ్చింది. "మా కుటుంబ సభ్యురాలు కరుణ ఇక లేరు." ఫొటో. దండ. దాని కింద వర్షాకాలం డిస్కౌంట్, బుక్ నౌ.

ఎక్కడ దొరికిందనుకున్నారు? ఇన్‌బాక్స్‌లోనే, సంతాపాల మధ్య.

వాళ్ల మెయిల్స్ కావాలని నేనెప్పుడూ చెప్పలేదు. మళ్లీ పాత లిస్టు బయటికి తీసినట్టున్నారు.

అక్క ఒక మాట చెప్పేది. "వెంటనే స్పామ్ బటన్ నొక్కేయకు తమ్ముడూ, ఆ మెయిల్స్ మీద బోటోళ్లు కూడా బతుకుతున్నారు. ముందు అడుగున లైను చూడు." చూశాను. ఆమె పెట్టిన ఆ లైను తీసేశారు.

అప్పుడు నొక్కాను, స్పామ్ అని.

అక్కా, నీ దేవుణ్ణి నేను నమ్మనని నీకు తెలుసు. ఉంటే గనక, నువ్వు చెప్పింది చెప్పినట్టు వినే చోట నిన్ను ఉంచాలి. హాయిగా పడుకో.

నీకు శాంతి. ఆ ఓనరుగారికి వద్దు.