సగంలో ఆగిన గునుగు పూల కొంగు

దయ్యాలను నమ్మేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. సర్వర్ మాటిమాటికీ ఆగిపోతోందని దానికి నిమ్మకాయ, ఎండుమిరపకాయలు కట్టిన ఆఫీసును జగిత్యాలలో నా కళ్లతో చూశాను. నిమ్మకాయ ఎండిపోయింది గానీ, సర్వర్ మాత్రం నేను వెళ్లి డిస్కు మార్చాకే నడిచింది. మాది కోరుట్ల. పదకొండేళ్లుగా సర్వర్లు బాగుచేయడమే నా పని. మిషన్ ఏం చేసినా దానికో కారణం ఉంటుందని, అది మిషన్ తనంతట తాను రాసుకునే ఏదో ఒక లాగ్‌లో ఉంటుందని నా గట్టి నమ్మకం. ఇదంతా చదివి మీరు నవ్వినా నేనేమీ అనుకోను.

సిరిసిల్లలో రాజేశం సేటు అని ఒకాయన సాంచాలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు. ఆయన షెడ్డులోని ఇరవై సాంచాలకు చీరల డిజైన్లు ఒక సర్వర్ నుంచి వెళ్తాయి. బతుకమ్మ పండుగ అయినప్పటి నుంచి ఆ సర్వర్ ఆగిపోవడం మొదలైంది. మొదట్లో వారానికోసారి ఆగేది. డిసెంబరు వచ్చేసరికి రోజూ పగలు పన్నెండు లోపు ఆగి, సాంచాలన్నీ నిలబడిపోయేవి. ఆగిన ప్రతిసారీ వాళ్లు మిషన్ మొత్తం ఆపి, మళ్లీ ఆన్ చేసేవారు. చివరికి నన్ను పిలిపించారు.

కంప్యూటర్ దగ్గర కూర్చునేది పద్మ. ఆమె భర్త నర్సయ్య అంతకుముందు అదే కుర్చీలో డిజైన్లు గీసేవాడు. వానాకాలంలో ఒక రోజు పని చేస్తూనే గుండె ఆగి పోయాడు. ఆ పని ఆమెకిచ్చింది సేటే. ఇప్పుడు తప్పంతా ఆమెదే అంటున్నదీ ఆయనే.

"శనివారం దాక చూస్త తమ్మీ. గప్పటికీ గిట్లనే ఉంటె ఇంకొకలను పెట్టుకుంట" అన్నాడు నాతో, ఆమె వింటుండగానే. పద్మ స్క్రీన్ మీది నుంచి తల ఎత్తలేదు. నాకు ఒళ్లు మండింది గానీ మింగేసి పనిలో కూర్చున్నాను.

కారణం పది నిమిషాల్లో దొరికింది. ఒక ప్రోగ్రాము ఒకేసారి ఎన్ని ఫైళ్లు తెరిచి పెట్టుకోవచ్చో ఆపరేటింగ్ సిస్టమ్ ఒక హద్దు పెడుతుంది. అక్కడ ఆ హద్దు వెయ్యి ఇరవై నాలుగు. డిజైన్లు పంపే ప్రోగ్రాము అక్కడిదాకా వెళ్లి, ఇంకో ఫైలు తెరవలేక చేతులెత్తేస్తోంది. హద్దును అరవై వేలకు పెంచి, ప్రోగ్రామును మళ్లీ నడిపించి, టీ తాగి బస్సెక్కాను.

మర్నాడు మళ్లీ ఆగింది. తప్పు నాదే. నేను పెంచిన హద్దు మనుషులు లాగిన్ అయి నడిపే ప్రోగ్రాములకే పనిచేస్తుంది. మిషన్‌తో పాటు దానంతటదే మొదలయ్యే ప్రోగ్రాముకు దాని సొంత సెట్టింగులో విడిగా రాయాలి. ఈ సంగతి కొత్తవాళ్లకు పాఠంలా చెప్పేవాణ్ణి నేనే! తల దించుకుని శుక్రవారం పొద్దున వెళ్లాను. ఈసారి సరైన చోట రాసి, సర్వర్ మొత్తం ఆపి, మళ్లీ ఆన్ చేశాను. అప్పుడు టైము పది గంటల పది నిమిషాలు.

హద్దు పెరిగింది కాబట్టి ఇక ఆగదు. కానీ ఇరవై సాంచాలకు వెయ్యి ఫైళ్లు ఎందుకు? అది తేలకపోతే రోగం లోపలే ఉన్నట్టు. పదకొండున్నరకు తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా తీశాను. పదిహేను వందల వరుసలున్నాయి. దాదాపు అన్నిటిలోనూ ఒకటే పేరు, గునుగు కొంగు. ప్రతి వరుస చివరా ఆ ఫైలును ఎప్పుడో తీసేసినట్టు గుర్తు ఉంది.

పద్మను పిలిచి చూపించాను. ఆమె ఆ పేరు మీద వేలు పెట్టింది.

"గిది మా ఇంటాయిన ఆఖరికి గీసింది అన్నా. సగమే అయింది. సగం సగం ఉన్నయి ఉంచద్దని సేటు అంటే, బతుకమ్మకు ముందల నేనే తీసేసిన" అంది.

ఏదైనా ప్రోగ్రాము ఒక ఫైలును తెరిచి పట్టుకుని ఉంటే, మనం దాన్ని తీసేసినా అది డిస్కు మీదే ఉంటుంది. అందులో వింతేమీ లేదు. కానీ మిషన్ ఆపితే పట్టు వదిలిపోతుంది, ఫైలు పోతుంది. నేను ఆపి గంటన్నర కూడా కాలేదు. పండుగ నుంచి వాళ్లు ఎన్నిసార్లు ఆపారో లెక్కే లేదు. వేరే కాపీ ఉందేమోనని వెతికాను, లేదు. బ్యాకప్‌లోనూ లేదు. ఏ సాంచా కూడా ఆ డిజైన్ అడగడం లేదు. అప్పుడు నాకు నిజంగానే భయమేసింది. నర్సయ్య పోయింది ఏ వేళకో నేను అడగలేదు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉందని పద్మ చెప్పింది. మనిషి పని మధ్యలో పోతే, అతను సగం నేసిన చీరను కోసి పారెయ్యరు. తోటివాళ్లు నేత పూర్తి చేసి, కోసి, ఆ ఇంటికి పంపుతారు. ఆ తర్వాతే ఆ సాంచా ఇంకొకరికి ఇస్తారు. కంప్యూటర్‌లో గీసిన దానికి కూడా అలా చేయాలని ఎవరికీ తోచలేదు.

"మాయి నేతోళ్ల ఇండ్లు అన్నా. సగంల ఇడిసిపెట్టం. నాకు తీసియ్యి, నేను పూర్తి చేస్త" అంది పద్మ.

తెరిచి ఉన్న ఫైలు నుంచి కాపీ తీసి ఇచ్చాను. బతుకమ్మలో పేర్చే గునుగు పూల వరుసలు చక్కగా వచ్చి, ఒక పువ్వు మధ్యలో ఆగిపోయి ఉన్నాయి. ఆమె అన్నం కూడా తినకుండా కూర్చుని మిగతాది గీసింది. నాలుగింటికి ఒక సాంచాకు ఎక్కించి, కొంగు ఒక్కటే నేసి కోశారు. పద్ధతి మాట ఎత్తాక సేటు కూడా ఒప్పుకున్నాడు.

కోసిన కాసేపటికి జాబితా మళ్లీ తీశాను. కోసే ముందు మూడు వేలు దాటి ఉన్న వరుసలు నలభై ఒకటికి వచ్చాయి. ఆ పేరు ఎక్కడా లేదు. నేను ప్రోగ్రామును ఆపలేదు, దేన్నీ ముట్టుకోలేదు.

పద్మ కొంగు చేత్తో పట్టుకుని వచ్చింది. "ఇంకా తెరిచే ఉన్నదా అన్నా?"

"లేదు చెల్లె. మూసుకున్నది."

అక్కడే కూలబడి ఏడ్చింది. సాంచాల చప్పుడులో ఎవరికీ వినబడలేదు.

శనివారం సర్వర్ ఆగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఆగలేదు. పద్మ ఇప్పటికీ ఆ కుర్చీలోనే ఉంది. సేటుకిచ్చిన రిపోర్టులో ఫైళ్ల హద్దు పెంచానని మాత్రమే రాశాను. ఆ రెండు జాబితాలూ నా దగ్గరున్నాయి. నాకన్నా తెలిసినవాళ్లకు చూపిస్తే, నువ్వు మిషన్ ఆపడం మరిచిపోయి ఉంటావన్నారు. మరిచిపోలేదు. పది గంటల పది నిమిషాలకు ఆన్ అయినట్టు మిషనే రాసుకుంది. అన్ని నెలలు ఆ ఫైలును పట్టుకున్నది ఎవరో మాత్రం ఏ లాగ్‌లోనూ లేదు.