బోర్డులు మార్చిన కేసు

రక్షణ శాఖ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగానికి ఎంపికయ్యాక, నా నడవడి విచారించడానికి ఒక ఫారం వచ్చింది. అన్నీ చకచకా నింపి ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. 'మీ మీద ఎప్పుడైనా పోలీసు కేసు నమోదైందా?'

అయింది మరి. డిగ్రీ రెండో ఏడాదిలో. నారాయణఖేడ్‌లో మా కాలేజీ ముందు మనూర్ బస్సు ఆపేవాడు కాదు డ్రైవర్. చెయ్యెత్తితే నవ్వుకుంటూ పోయేవాడు. ఓ మధ్యాహ్నం బస్టాండులో అతను చాయ్ తాగుతుంటే, ఆ బస్సు బోర్డు తీసి పక్కనున్న కల్హేర్ బస్సుకు పెట్టాను. దాని బోర్డు దీనికి పెట్టాను. ఊరు దాటి కండక్టర్లు టికెట్లు అడిగేదాకా ఎవరికీ తెలియలేదు. రెండు బస్సుల జనమూ దిగి, మూటలు నెత్తిన పెట్టుకుని, తిట్టుకుంటూ వెనక్కి నడిచారు. పడీ పడీ నవ్వాను, సాయంత్రం కానిస్టేబుల్ మా గడపలో నిలబడేదాకా. చిన్న కేసే. కోర్టులో తప్పు ఒప్పుకుంటే జడ్జి మందలించి, జరిమానాతో వదిలేశారు.

ఫారం చూసి మా మేనమామ కొట్టిపారేశాడు.

"గది ఎప్పటి ముచ్చటనే! లేదు అని రాయ్. ఎవడు సూస్తడు?"

"నిజం దాస్తే నౌకరి పోతదని గీడనే రాసిండ్రు మామా."

"దొరికినప్పుడు సూద్దాం తియ్."

నేనేమీ సత్యసంధురాలిని కాదు. ముందు పెన్సిల్‌తో 'లేదు' అనే రాశాను. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు దాన్ని చెరిపేసి, జరిగిందంతా పెన్నుతో రాసి పంపాను. మామ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

తర్వాత విచారణకు ఒక పోలీసాయన వచ్చాడు. నేరుగా పక్కింటి అవ్వ దగ్గరికి వెళ్లాడు. నేను గోడ పక్కన నక్కి విన్నాను.

"ఈ పిల్ల ఎసొంటిది అవ్వా?"

"మంచిదే సారూ. గని నా కోడిపుంజుకు గులాబీ రంగు పూసింది. కోళ్లన్నీ దాన్ని జూసి పరేషాన్ అయినయ్."

ఆయన రాసుకుంటూనే ఉన్నాడు.

"అబద్ధాలు ఆడుతదా?"

"ఆడది. ఎవలు పూసిండ్రే అంటే, నేనే అవ్వా, మస్తుగున్నది గదా అన్నది."

నాలుగు నెలలు ఏ కబురూ లేదు. చివరికి హైదరాబాద్ రమ్మన్నారు. బల్ల వెనక కూర్చున్న అధికారి నా కాగితాలు తిప్పుతూ అడిగాడు.

"కేసు సంగతి రాశావు. కోడిపుంజు సంగతి రాయలేదేం?"

"ఫారంలో కోళ్ల గురించి అడగలేదు సార్."

ఆయన ఫైలు పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదలడం మాత్రం కనిపించింది. కాసేపటికి ఫైలు దించి, బోర్డులు ఎందుకు మార్చావని అడిగాడు.

"కోపమొచ్చింది సార్. ముసలోళ్లు ఎండల మూటలు మోసుకుంట నడుస్తరని అప్పుడు తోచలే. తప్పే."

"కేసు చిన్నదే. దాచి ఉంటే మాత్రం ఈ గది దాకా వచ్చేదానివి కాదు" అన్నాడాయన.

మరో ఇరవై రోజులకు నియామక పత్రం వచ్చింది. మా అమ్మ దాన్ని వాకిట్లో నిలబడి, వీధంతా వినేలా రెండుసార్లు చదివింది.