అక్క పొయ్యి మీద ఉడకని పప్పు

తొంభైల చివర్లో నేను టెక్కలిలో ఉద్యోగం చేసేవాణ్ణి. సెలవు దొరికితే ఉద్దానంలో మా అక్కగారి ఊరు వెళ్లేవాణ్ణి. ఇంటి వెనక కొబ్బరితోట, దాని దిగువన సముద్రం వైపు వరిపొలం. పొలం పక్క భూమి అప్పటికే రొయ్యల చెరువైంది. ఇంజన్లు సముద్రపు నీటిని ఎడతెగకుండా తోడి అందులో పోసేవి.

ఆ ఆదివారం నేను వెళ్లేసరికి చెరువు ఆసామి వరండాలో కూర్చుని ఉన్నాడు. బావ పొలం కూడా కౌలుకు కావాలట. భోజనాలయ్యేలోగా మాట ఇవ్వకపోతే అవతలి రైతు దగ్గరికి వెళ్తానన్నాడు.

"మీ పొలంలో రొయ్య జపాను వెళ్తుందండీ."

బావ ఎటూ తేల్చుకోలేక కండువా అంచు మెలిపెడుతున్నాడు. భోజనం ఎంతకీ రావడం లేదు.

"ఏటే, పప్పు వండుతన్నావా, గులకరాళ్లా?" అని లోపలికి కేకేశాడు.

"పలాస కొట్టోడు పాత పప్పు అంటగట్టినాడు. నెల్లాళ్ల నుంచీ ఇదే బాగోతం," అంటూ అక్క బయటికొచ్చి గుప్పెడు కందిపప్పు గిన్నెలో పోసి నా చేతికిచ్చింది. "తమ్మీ, ఎగువీదిలో మా తోడికోడలింటికి పట్టుకెళ్లు. ఆవిడ పొయ్యి మీదా ఉడక్కపోతే ఆవిడే సాచ్చికం. రేపు ఆ కొట్టోడి సంగతి సూత్తాను."

ఆ ఇంటికి వేరే నుయ్యి ఉంది. కాసేపటికే పప్పు మెత్తగా ఉడికింది. ఆవిడ గరిటెతో మెదిపి, "మీ అక్క పొయ్యి ఊదడం మర్సిపోనాదా?" అంది.

గిన్నె తిరిగి తెచ్చాను. అక్క ఒక బద్ద వేళ్ల మధ్య నొక్కింది. వెన్నలా నలిగింది. తన కుండ వైపు చూసి, తమ పెరటి నూతి దగ్గరికి నడిచింది. చేద తోడి, పుక్కిట పట్టి ఉమ్మేసింది. పప్పును ఉడకనీయని ఆ ఉప్పు రోజూ తాగే నాలుకకు మెల్లమెల్లగా అలవాటైపోయి, ఇన్నాళ్లూ తెలియలేదు.

బావ కూడా దోసిలి పట్టాడు. తాగి, తోట వైపు చూశాడు. పక్క చెరువులోకి ఇంజన్లు ఉప్పునీళ్లు తోడుతూనే ఉన్నాయి.

"కొబ్బరిసెట్లు తాగుతన్నవీ ఈ నీళ్లే గదేటి," అన్నాడు.

"నీళ్లదేముందండీ, బోరు వేయిస్తాను," అన్నాడు ఆసామి.

అక్క పప్పుకుండ తెచ్చి అతని ముందు పెట్టింది. "జపానోళ్లకి రొయ్యలు పంపండి బాబూ. మీరు ఇది తినెళ్లండి."

బావ పొలం ఇవ్వనన్నాడు. ఆసామి తినకుండానే లేచాడు. అవతలి రైతు సాయంత్రానికల్లా తన పొలం ఇచ్చేశాడు.

కొన్నేళ్లకు రొయ్యలకు తెగులొచ్చింది. ఇంజన్లు తీసుకుపోయారు. నూతినీళ్లు మాత్రం మళ్లీ మంచినీళ్లు కాలేదు. చెరువు వైపు కొబ్బరిమట్టలు ముందుగా ఎండాయి. అక్క ఎగువ నుంచి బిందె మోసుకొచ్చేది. దారిలో ఎవరైనా అడిగితే "పప్పుకి" అనేది. తాగడానికీ అవేనంటే, పొలం ఇవ్వకపోయినా నుయ్యి దక్కలేదని ఊరు బావను ఎత్తిపొడుస్తుందని, ఆయన బతికున్నంతకాలం అక్క ఆ మాట ఎవరితోనూ అనలేదు.