ఇరవై దాటితే వణుకు

పెట్రోలు చుక్క దొరకని ఆ యుద్ధపు రోజుల్లో మనుషులకంటే కార్లే ఎక్కువ అవతారాలెత్తాయి. మా మేనమామ కారు మూడో అవతారంలో ఉండగా నేను దానికి సారథినయ్యాను. మొదట అది ఎవరో దొరగారి షోకు బండి. మామ దాన్ని కొని, వెనుక భాగం కోయించి, బల్లలు వేయించి, బేతంచెర్ల నుంచి కర్నూలుకు మనుషుల్నీ, మచ్చుకు తన గని నాపరాళ్ళనూ మోసే బండిగా మార్చాడు. పెట్రోలు కరువయ్యాక వెనక గుండిగంత (అబద్ధమెందుకు, రెండు గుండిగలంత) బొగ్గు గ్యాసు డ్రమ్ము బిగించాడు. ఆ బరువుకు బండి వెనక కూలబడేసరికి, ముందు దీపాలు రోడ్డును వదిలేసి ఆకాశంలో చుక్కల్ని వెతకసాగాయి. "బేతంచెర్లలో ఉండి బరువుకు కరువేందిరా?" అని మామ ముందు పక్క నా కాళ్ళ కింద నాలుగు నాపరాళ్ళు పరిపించాడు. ప్రపంచంలో బండలు పరిచిన వసారా ఉన్న కారు అదొక్కటే అయివుంటుంది.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. మా వంశంలో అంతకుముందు ఎద్దులకంటే వేగంగా పోయేదాన్ని తోలినవాడు లేడు. స్టీరింగు నా చేతికిస్తూ మామ ఒకే ఒక్క షరతు పెట్టాడు: "గంటకు ఇరవై మైళ్ళు దాటితివా, తాళంచెవి ఈడ పెట్టి మీ ఊరికి పో." వేగం చూపే ముల్లు దొరగారి హయాంలోనే చచ్చిపోయింది గనుక, మామే ఒక కొలత కనిపెట్టాడు. దారిలో జట్కాను దాటేటప్పుడు గుర్రం మొహం గుర్తుపట్టగలిగితే ఇరవై లోపు. పట్టలేకపోతే నేను అపరాధిని. (కర్నూలు దారిలో నేను గుర్తుపట్టలేని గుర్రాలు చాలా ఉన్నాయని ఇప్పుడు ఒప్పుకుంటే నష్టం లేదు.)

ఒకరోజు ఊరి బయట గుట్ట దిగుతుంటే స్టీరింగు హఠాత్తుగా వణికింది. మామూలు వణుకు కాదు, మెడ పట్టుకున్న కోడిపుంజు కొట్టుకున్నట్టు. వెనక బల్ల మీది ఆసామి నోట్లో తాంబూలం ముందు బల్ల మీది ఆసామి చొక్కా మీదికి మారింది. ఊళ్ళో గగ్గోలైంది. మామ మొదట కుదుపులు మింగే కమాన్లను అనుమానించాడు. జట్కాలు చేసే ఆయన్ను పిలిపించి, ప్రతి కమానుకూ రెండేసి పట్టీలు అదనంగా వేయించాడు. దాంతో బండి ఎగరడం మానేసింది, అందులో కూర్చున్నవాళ్ళు ఎగరడం మొదలుపెట్టారు. వణుకు మాత్రం అలాగే ఉంది. చివరికి మామే స్వయంగా బండి తోలి, అడుగడుగునా బ్రేకు తొక్కుతూ, పెళ్ళికూతురు పీటల మీదికి వచ్చినంత నెమ్మదిగా గుట్ట దిగాడు. స్టీరింగు కిక్కురుమనలేదు.

"బండికి ఏ రోగమూ లేదు. రోగం వీని చేతుల్లో ఉండాది" అని తీర్పు చెప్పాడు.

మా అవ్వ వెంటనే నా రెండు మణికట్లకూ నల్లదారాలు కట్టింది. మామ లోటా నిండా మజ్జిగ పోసి నా చేతికిచ్చి, వసారా ఈ చివర నుంచి ఆ చివరకు నడవమన్నాడు. ఆయన అట్లా గుడ్లురిమి చూస్తుంటే కొండ కూడా వణుకుతుంది. సగం మజ్జిగ నేలపాలైంది. "చూస్తివా!" అన్నాడు మామ. ఆ మాట అంటుండగానే మా అత్త తమ్ముడు (బండిలో హారను తప్ప మరొకటి తెలియదు గనుక అందరూ 'హారను' అనే పిలిచేవాళ్ళు) పోయి నా సీట్లో కూర్చుని, పాం పాం అని తన పట్టాభిషేకం తానే చాటుకున్నాడు.

నాకు మాత్రం ఒక సంగతి తెలుసు. వణుకు జోరుగా పోతేనే వస్తుంది. చెబితే షరతు తప్పినట్టు, చెప్పకపోతే చేతులకు రోగమున్నట్టు. ఎటు తిరిగినా సీటు హారనుదే. అంతకంటే ఘోరం, రెండురోజులకు నా చేతుల మీద నాకే అనుమానం మొదలైంది. అన్నం కలుపుతూ వేళ్ళకేసి చూసుకునేవాణ్ణి. నలుగురూ కలిసి నీలో ఉందన్న జబ్బును లేదని నమ్మడం ఎంత కష్టమో నాకు ఆ వయసులోనే తెలిసింది.

ఆ వారం డ్రమ్ము బాగుచేయడానికి కర్నూలు నుంచి ఉస్తాదు వచ్చాడు. తెల్లగడ్డం సాయిబు, ఇంజన్లతో ముచ్చట్లాడే మనిషి. మామ వణుకు సంగతి చెప్పగానే ఆయన నా చేతులు చూడలేదు. ముందు చక్రాన్ని జాకీ మీదికి లేపి, వేలితో తిప్పి వదిలాడు. అది తిరిగి తిరిగి ఆగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అదే చోటు కిందికొచ్చి ఆగింది.

"చూడప్పా, ఈ పక్క బరువు శానా ఉండాది" అని నావైపు తిరిగాడు. "ఎంత జోరు మీద వణుకుతాది?"

నేను మామ వంక చూశాను. హారను వంక చూశాను. వాడు పాం అన్నాడు. ఆ పాం లేకపోతే ఈనాటికీ నిజం చెప్పేవాణ్ణి కాదు.

"ఇరవై ఐదుండొచ్చు... గుట్ట దిగేటప్పుడు ముప్పై కూడా" అన్నాను.

"అదీ మాట! ఒక పక్క బరువున్న చక్రం మెల్లగా పోతే నోరు తెరవదు. జోరుగా పోతే అరుస్తాది. పిల్లోని చేతుల్లో ఏం లేదప్పా" అంటూ ఉస్తాదు టైరు ఊడదీసి లోపల చెయ్యి పెట్టాడు. అప్పుడు గానీ నాకు గుర్తు రాలేదు. మూడు వారాల కిందట రాయి తగిలి టైరు చీలితే, కొత్తది దొరకదు గనుక, చీకట్లో చేతికందిన మందపాటి తోలు లోపల అడ్డం పెట్టి నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ తోలు బయటికొచ్చింది. బొటనవేలు దూర్చే ఉంగరంతో సహా, మామ కుడికాలి చెప్పు!

ఆ చెప్పు కోసమే మామ మూడు వారాలుగా పక్కింటి కుక్కను దాని వంశంతో సహా తిడుతున్నాడు. ఇప్పుడు మాత్రం చెప్పును కాలికి తొడిగి చూసుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఆ కుక్కను తిడ్తినే, దానికి నేనేం జవాబు చెప్పల్ల?" అన్నాడు. నేను తాళంచెవి తీసి ఆయన ముందుకు చాపాను.

"ఇప్పుడు చూడు ఉస్తాదు, ఇప్పుడు వణుకుతాండాయి వీని చేతులు!" అన్నాడు మామ.

తాళంచెవి తీసుకోలేదు. ఉస్తాదు పలచటి అతుకు వేసి చక్రం బిగించాక, హారనును వెనక బల్ల మీద ఉస్తాదు పక్కకు తరిమి, మామ నా పక్కన ఎక్కాడు. "గుట్ట కాడికి పోనీ. ఎంత పోతాదో నేనూ చూడల్ల గదా." దిగుడులో బండిని వదిలాను. స్టీరింగు నా కాళ్ళ కింది నాపరాయిలా కదలకుండా ఉంది. మామ తలగుడ్డ ఎగిరిపోయింది. ఎదురొచ్చిన గుర్రం మొహం మేమిద్దరమూ గుర్తుపట్టలేదు. కింద ఆగాక ఆయన తిరిగి గుట్ట పైకి చూసి అన్నాడు: "ఇంగొకసారి పోదామా?"

ఇంకోసారి పోవాలంటే, బొగ్గు గ్యాసుకు ఎక్కే సత్తా లేదు గనుక, బండిని గుట్ట పైకి నెట్టాలి. నెట్టాం. స్టీరింగు పట్టుకుని నేను, వెనక నుంచి ఉస్తాదు, హారను, ఆ వంకర చెప్పుతో మామ.

ఇప్పుడు నాకు ఆనాటి మామ వయసు. నా కారులో ముల్లు పనిచేస్తుంది, కమాన్లు పట్టులా ఉన్నాయి, స్టీరింగుకు వణుకన్నదే తెలియదు. అయినా దిగుడు కనబడగానే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. ఎదురొచ్చే ప్రతి గుర్రం మొహమూ శుభ్రంగా గుర్తుపడుతున్నాను. కిందికి చేరాక ఒక్క క్షణం బండి ఆపి, పక్క సీటు వంక చూస్తాను. 'ఇంగొకసారి' అని అడిగేవాళ్ళుంటే, దిగి నెట్టడానికి నేను ఇప్పటికీ సిద్ధమే.