దానంతట అదే లేస్తది

మా మేనల్లుడు సగం గుండుతో, సగం జుట్టుతో వాకిట్లో ఆడుకుంటుంటే మా అక్కవాళ్ల ఊరు ఎల్లారెడ్డిలో వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. దానికి కారణం ఒక జావా సర్వర్. ఆ సర్వర్‌కు కారణం, అయ్యా, నేనే.

అప్పట్లో కామారెడ్డి శివారులో ఒక రైస్ మిల్లులో కంప్యూటర్ పని చేసేవాణ్ణి. వడ్ల ట్రాక్టర్ కాంటా ఎక్కితే తూకం చీటీ కంప్యూటర్‌లోంచి రావాలి. ఆ చీటీల ప్రోగ్రాం జావా సర్వర్ అనే ఇంకో ప్రోగ్రాం మీద నడుస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నేను నల్ల తెర మీద నాలుగు ముక్కలు కొట్టి దాన్ని లేపాలి. ఆ నాలుగు ముక్కలు ఇంకెవరికీ రావు. అందుకే నాకు సెలవన్నది లేదు.

అలాంటిది మా అక్క తన కొడుకు పుట్టువెంట్రుకలు పెట్టుకుంది. మేనమామ ఒడిలో కూర్చోనిదే కత్తి పడదు కదా! మిల్లు యజమాని సేటును సెలవడిగాను.

"నువ్వు పోతే గా మిషన్‌ను ఎవలు లేపుతరు?"

"ఎవ్వలు లేపుడు అక్కర లేదు సేటు. సర్వర్ దానంతట అదే లేచేటట్టు చేస్త."

"దానంతట అదేనా! గదెట్ల?"

ఎట్లాగో నాకూ తెలుసుకోవాలనే ఉంది. తిండి మానేసి కూర్చుని చేశాను. రీస్టార్ట్ కొట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. సేటూ, హమాలీలూ తొంగి చూశారు. సర్వర్ లేచింది! మళ్లీ కొట్టాను, మళ్లీ లేచింది. గర్వం తలకెక్కి కంప్యూటర్ మీద ఒక కాగితం అంటించాను: "ఎవ్వరూ ముట్టొద్దు. దానంతట అదే లేస్తది."

పుట్టువెంట్రుకల రోజు ఎల్లారెడ్డిలో పిల్లాడు నా ఒడిలో ఉన్నాడు. మంగలి ఎల్లయ్య సగం నెత్తి పూర్తి చేశాడు. అప్పుడు మోగింది ఫోన్.

"నరేషూ, కరెంటు పోయి వచ్చింది. నీ మిషన్ లేస్తలేదు."

"ఎవలన్న ముట్టిండ్రా సేటు?"

"దేవుని తోడు, ఎవ్వలం ముట్టలే. సుట్టూ నిలవడి సూస్తున్నం."

"పచ్చ లైటు ఉన్నదా?"

"ఉన్నది."

అది పక్కనున్న స్టెబిలైజర్ లైటని నాకేం తెలుసండీ!

"తెర మీద ఏం కనవడ్తున్నది?"

"ఏం లేదు. నల్లగున్నది."

"అయితే లోపల పని నడుస్తున్నది. జావాకు జర బద్ధకం, మెల్లగ లేస్తది. ఆగుండ్రి."

పాపం, ఆగారు. మళ్లీ ఫోన్ మోగింది.

"ఇంకెంతసేపురా? ట్రాక్టర్లు రోడ్డు దాక నిలవడ్డయి. మొగులైంది. వడ్లు తడిసినయంటే రైతులు నన్ను కాంటా మీద పెడ్తరు. కొబ్బరికాయ గూడ కొట్టినం!"

పిల్లాణ్ణి అక్క చేతిలో పెట్టి బండి తీశాను.

"అరేయ్, పోరని నెత్తి సగమే అయ్యింది! యాడికిరా?"

"నేనొచ్చేదాక గట్లనే ఉంచుండ్రి!"

మిల్లులో కంప్యూటర్ ముందు అగరొత్తులు, కొబ్బరిచిప్పలు. రైతులందరూ చేతులు కట్టుకుని కుతూహలంగా చూస్తున్నారు గానీ ఒక్కరూ దగ్గరికి వెళ్లడం లేదు. కాగితం మీద అంత గౌరవం! నేను వంగి చూశాను. కంప్యూటర్ అసలు ఆన్ కానేలేదు.

కరెంటు వచ్చినంత మాత్రాన అది ఆన్ కాదండీ, బటన్ నొక్కాలి. రోజూ నొక్కేది నేనే. ఆ సంగతి నా వేలికి తెలుసు, నాకే తెలియదు. కంప్యూటర్ లేస్తే సర్వర్ లేస్తుంది, సరే. కంప్యూటర్‌ను లేపేదెవరు?

నొక్కాను. అన్నీ చకచకా లేచాయి. చినుకులు పడేలోపు ఆఖరి ట్రాక్టర్ షెడ్డులోకి చేరింది.

"దానంతట అదే లేస్తదని రాసినవు గద బిడ్డా?" అన్నాడో ముసలాయన.

"లేచింది గద తాతా!"

"ఔ, నువ్వొస్తే."

సాయంత్రం ఎల్లారెడ్డి చేరగానే అక్క నా ఫోన్ లాక్కుని బీరువా మీద పెట్టింది. ఇంటిల్లిపాదికీ వినపడేటట్టు చెప్పింది: "దీన్ని ఎవ్వలు ముట్టొద్దు. దానంతట అదే మోగి మోగి ఊకుంటది."

మేనల్లుణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, వాడి మిగిలిన సగం జుట్టు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను: కరెంటు తీగ పీకి చూడకుండా ఇక ఏ మిషన్‌కూ పూచీ పడను. ఒట్టు పెట్టిన ఆ జుట్టు మరుక్షణమే ఎల్లయ్య కత్తికి రాలిపోయిందనుకోండి.